గుడ్డి కిటికీకి పన్ను

బ్రైటన్ సముద్రపు ఒడ్డున ఆర్డింగ్లీ వరస ఇళ్ళు చూసి ముచ్చటపడని మనిషి ఉండేవాడు కాదు. లండన్ నుంచి ఉప్పునీటి స్నానాలకి దిగే దొరసానులు బండి ఆపించుకుని మరీ చూసేవాళ్ళు. ఇళ్ళన్నీ మీగడ రంగులో, ఒకే రాతిని చెక్కి నిలబెట్టినట్టు ఉండేవి. రాయీ లేదు, పాడూ లేదు. విరిగిన ఇటుక ముక్కలు, ఒడ్డున ఏరుకొచ్చిన చెకుముకి రాళ్ళు, చేతికందిన చెత్తాచెదారం సున్నంలో కుక్కి గోడలు లేపారు. వాటిమీద నున్నటి గచ్చు పూసి, అది పచ్చిగా ఉండగానే గీతలు గీసి, రాయిమీద రాయి పేర్చినట్టు మాయ చేశారు. ఆ రోజుల్లో అక్కడి పెద్దమనుషుల్లోనూ చాలామంది కట్టుబడి అలాంటిదేననుకోండి, ఆ గొడవ ఇప్పుడెందుకు.

ఆ వరసలో పడమటి చివరి ఇల్లు ఆంబ్రోస్ పెల్లింగ్ గారిది. నారబట్టల వ్యాపారంలో బాగా గడించి, కొట్టు అమ్మేసి, పెద్దమనిషి అవుదామని వచ్చి చేరాడు. ఆ ఇంటి రెండో అంతస్తులో, బానపొట్టలా ముందుకు ఉబ్బిన పెద్ద కిటికీ పక్కన, చిన్న కిటికీ ఒకటి ఉండేది. అసలు సంగతి దాని గురించే.

దానికి నిజమైన చెక్క చట్రం ఉంది. నిజమైన అద్దాలున్నాయి. అద్దాల వెనక బెత్తెడు దూరంలో మాత్రం గోడ. ఆ గోడకి నల్లరంగు వేసి, దానిమీద సగం దించిన తెర ఒకటి, తెర చివర పట్టు కుచ్చు ఒకటి చిత్రించారు. కింద దారిలో నిలబడి చూసేవాళ్ళకి లోపల ఎవరో దొరసాని కునుకు తీస్తోందనిపించేది. కట్టుబడివాళ్ళు ఇలాంటిదాన్ని గుడ్డి కిటికీ అంటారు. ఆ పేరు పెట్టినవాడెవడో గాని లోపల కూర్చుని చూసి పెట్టి ఉంటాడు.

లోపల ఉండేది దొరసాని కాదు, ఆంబ్రోస్ చెల్లెలు హెస్టర్. పెళ్ళి చేసుకోలేదు. లూయిస్ ఊళ్ళో మంచాన పడ్డ తల్లికి చివరిదాకా సేవ చేసి, తల్లి పోయాక అన్న పంచన చేరింది. అప్పటికే నలభై దాటాయి. ఇంట్లో దుప్పట్లు, చొక్కాలు, మేజాబట్టలు ఏవి చిరిగినా, ఏవి కొత్తగా కావాలన్నా అన్నీ ఆవిడ సూది కిందికే వచ్చేవి. తెల్లబట్టమీద తెల్లదారం, అదీ పట్టపగలు కొవ్వొత్తి వెలిగించుకుని. కొవ్వొత్తులు పొట్టన పెట్టుకుంటోందని వదిన అగస్టా సణుగుడు. పోనీ కింద హాల్లో కూర్చుని కుట్టుకుందామంటే, వచ్చేపోయేవాళ్ళ ఎదుట పాతబట్టలు పరవడం మర్యాద కాదట. వంటింట్లో కూర్చుంటే, పెల్లింగ్ వారి ఆడపడుచు పనివాళ్ళలో కలిసిపోయిందని నలుగురూ నవ్వుతారట. ఆవిడకి మిగిలింది ఆ చీకటి కొట్టే.

గది ఇలా ఎందుకుందని వచ్చిన కొత్తలోనే అడిగింది. ఆంబ్రోస్ చాలా బాధగా మొహం పెట్టి, అది ఈ ఇళ్ళన్నిటికీ పటం గీసిన శిల్పి లార్కిన్ గారి నియమమని చెప్పాడు. అవతలి చివరి ఇంట్లో ఆ చోట కిటికీ ఉంది కాబట్టి, అందం కోసం ఇక్కడా ఉన్నట్టు కనిపించాలట. లోపల మాత్రం గోడే కట్టాలట. పెద్ద శిల్పి మాట మనం కాదంటామా అన్నాడు. హెస్టర్ నమ్మింది. అన్న చెప్పింది నమ్మడం ఆవిడకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆవిడ వచ్చి నాలుగేళ్ళయ్యాక, చలికాలం చివర్లో ఆంబ్రోస్ కోటుకి గుండీలు ఊడిపోతే ఆవిడే కుట్టింది. ఆదివారం చర్చిలో ఎవరో ఆ కోటు చూసి, నల్లకోటుకి నీలం దారం కొత్త ఫ్యాషనా అని అడిగారట. ఆంబ్రోస్ ఇంటికొచ్చి కోటు ఆవిడ ఒళ్ళోకి విసిరి, కళ్ళు నెత్తికెక్కాయా అన్నాడు. ఆ సాయంత్రం హెస్టర్ తన గదిలో కూర్చుని నల్లదారం ఒకటి, నీలం దారం ఒకటి తీసి కొవ్వొత్తికి దగ్గరగా పెట్టి చూసింది. ఏది ఏదో తెలియలేదు. చేతులు మార్చి చూసింది. తెలియలేదు. ఆ ఇంట్లో ఆవిడ చోటు ఆ కళ్ళమీదే ఆధారపడి ఉంది. కుట్టలేని హెస్టర్‌ని కూర్చోబెట్టి ఎవరు తిండి పెడతారు? మర్నాడు ఏదో పని ఉన్నట్టు సముద్రపు ఒడ్డుకి పోయి, ఆ దారాలే వెలుగులో చూసింది. ఒకటి నలుపు, ఒకటి నీలం, స్పష్టంగా తెలిశాయి. చూపు ఇంకా పోలేదు. ఆ గదిలోనే ఉంటే మాత్రం పోతుందని ఆవిడకి ఆ క్షణాన అర్థమైంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, ఇంటికి ఎన్ని కిటికీలుంటే అంత పన్ను వేసే టప్పెన్ గారు మొదటిసారి ఆ వీధిలోకి వచ్చాడు.

టప్పెన్ గారిది ఒక పద్ధతి. ఇంట్లోకి రాడు, ఎవరితోనూ మాట్లాడడు. ఎదురుగా దారిమీద నిలబడి, చేతికర్రతో ఒక్కో కిటికీని చూపించుకుంటూ లెక్కపెట్టుకుని పోతాడు. ఆ రోజు ఆయన కర్ర గుడ్డి కిటికీ మీద కూడా ఆగింది. చట్రం, అద్దాలు, తెర, తెరకి కుచ్చు. ఇంకేం కావాలి? లెక్కలో వేసేశాడు. ఆ ఒక్కదానితో పెల్లింగ్ వారి ఇల్లు పన్నులో పైమెట్టు ఎక్కి కూర్చుంది.

ఆంబ్రోస్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. రాత్రి భోజనాల దగ్గర మాంసం ముక్క నోట్లో పెట్టుకోవడం, టప్పెన్ని తిట్టడం, మళ్ళీ ముక్క పెట్టుకోవడం. కళ్ళున్న గాడిద అన్నాడు. బొమ్మ కుక్కకి కూడా సుంకం వేసే రకం అన్నాడు. సోమవారం పొద్దున్నే ఆ మనిషిని పిలిపించి, పైకి తీసుకుపోయి, గోడకి తల ఆనించి మరీ చూపిస్తానన్నాడు. అది కిటికీ కాదని అక్కడే రాయించి, ఇక ఏనాటికీ దాని ప్రస్తావన లేకుండా చేస్తానన్నాడు.

ఏనాటికీ అన్న మాట దగ్గర హెస్టర్ చెంచా కింద పెట్టింది.

"పన్నెలాగూ వేశారు కదా అన్నయ్యా. ఆ గోడే తీయించేస్తే పోలా?"

ఆంబ్రోస్‌కి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు.

"ఎవరికోసం?"

"నాకోసం. ఆ చీకట్లో నాకు కళ్ళు పోతున్నాయి."

"కిటికీ పెడితే నువ్వు చూసేదేముంది హెస్టర్?" అన్నాడు ఆంబ్రోస్. "నిన్ను చూసేవాళ్ళు మాత్రం ఎవరున్నారు?"

అగస్టా మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వు ఆపుకోడానికే గుడ్డ, అయినా భుజాలు కదులుతూనే ఉన్నాయి. హెస్టర్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. తన పళ్ళెం తనే తీసుకుని లేచి పోయింది. అన్న మాట పడి ఊరుకోవడం ఆవిడకి కొత్త కాదు గనక వాళ్ళిద్దరూ ఆ సంగతి అప్పుడే మరిచిపోయారు. ఆవిడ మరిచిపోలేదు.

ఆదివారం వచ్చింది. తల పగిలిపోతోందని హెస్టర్ మంచం దిగలేదు. అగస్టా తలుపు సందులోంచి చూసి, కొవ్వొత్తి ఆర్పి పడుకో అని చెప్పి పోయింది. ఆ చర్చి పాదిరి గారి ప్రసంగం ఊళ్ళోకల్లా పొడుగైనదని పేరు. వరసలోని ఇళ్ళన్నీ ఖాళీ అయ్యాయి. వీధి తలుపు మూసుకున్న చప్పుడు వినగానే హెస్టర్ లేచి కూర్చుంది. కిందికి పోయి హాల్లో పొయ్యి దగ్గరున్న ఇనప చువ్వ, బొగ్గుల పార తెచ్చుకుంది. తలకి గుడ్డ కట్టుకుంది.

మొదటి దెబ్బకి చువ్వ జారి చెయ్యి జిల్లుమంది. రెండో దెబ్బకి గచ్చు పెచ్చు ఊడింది. ఆ తరవాత చూడండి, ఆ మహా కట్టడం సంగతి బయటపడింది. ఇటుక అనుకున్న చోట ఇటుక లేదు. చువ్వతో కెలికితే సున్నం పిండిలా రాలింది. చెకుముకి రాళ్ళు, పెంకు ముక్కలు, ఒకచోట విరిగిన పొగాకు గొట్టం, ఇంకోచోట ఎద్దు దవడ ఎముక. హెస్టర్‌కి నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ తను భయపడింది దీనికా. ఇంత చెత్త గోడ తన కళ్ళు తినేస్తుంటే తను ఊరుకుందా. ఆ కోపంలో ఇంకో నాలుగు దెబ్బలు గట్టిగా వేసింది.

చప్పుడుకి వంటావిడ కెజియా పైకి వచ్చి గుమ్మంలో నిలబడింది. సున్నం కొట్టుకుపోయి నిలబడ్డ హెస్టర్‌ని, గోడని, చువ్వని, ఆదివారం పూట ఆ ఘోరాన్ని మార్చి మార్చి చూసింది.

"కింద గొర్రెమాంసం మాడుతోందమ్మా, నేను పైకి రాలేదు, నేనేం చూళ్ళేదు," అంది. రెండు మెట్లు దిగి మళ్ళీ వెనక్కి వచ్చింది. "పైనుంచి కొట్టుకురండి. కింద్నుంచి కొడితే నెత్తిమీద పడుద్ది."

పైనుంచే కొట్టుకొచ్చింది. చివరికి నల్లరంగు పూసిన పలక లాంటి పెచ్చొకటి మిగిలింది. అవతలి వైపు తెర, కుచ్చు దానిమీదే ఉన్నాయి. అద్దాలు పగలకుండా వేళ్ళు సందులోకి దూర్చి, దాన్ని లోపలికి లాగింది. తెర, కుచ్చు, సగం దొరసానితనం ఆవిడ ఒళ్ళో ముక్కలుగా పడ్డాయి. వెనక అద్దాలమీద ఏళ్ళ తరబడి పేరుకున్న దుమ్ము, చచ్చిన ఈగలు. పావడా అంచు తడిపి తుడిచింది. వెలుగు లోపలికి వచ్చి నేలమీద పడింది. గదికి ఇన్ని పగుళ్ళున్నాయని, దుప్పటి ఇంత మాసిందని, తన చేతులు ఇంత ముసలివయ్యాయని ఆవిడకి అప్పటిదాకా తెలియదు. అద్దంలోంచి సముద్రం కనిపించింది. హెస్టర్ రాళ్ళ కుప్పమీద కూలబడి, ఏడుపు వచ్చినంతసేపూ ఏడ్చింది.

ఆ మధ్యాహ్నం ఇల్లు పీకి పందిరేశారు. అగస్టా గది చూసి, ఈ సంగతి పాదిరి గారికి తెలిస్తే మొహం ఎక్కడ పెట్టుకోవాలని కుర్చీలో చతికిలబడింది. ఆంబ్రోస్‌కి పాదిరి గారి భయం కంటే టప్పెన్ గారి భయం ఎక్కువ. తెల్లారితే ఆయన వస్తాడు. ఆదివారం తాపీవాడు దొరకడు, దొరికినా సున్నం ఆరదు. బట్టల బీరువా తెచ్చి అడ్డం పెడదామన్నాడు. బీరువా రెండో అంతస్తు మెట్ల మలుపులో ఇరుక్కుంది. ఆ మెట్లు కూడా చూడ్డానికే అందం, పెద్ద సామాను పట్టేంత వెడల్పు లేదు. చివరికి నల్లబట్ట కడదామన్నాడు. హెస్టర్ ఆ కంతకి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది.

"బట్ట కట్టుకో అన్నయ్యా. నేను మాత్రం ఇక్కణ్ణుంచి లేవను. ఆయనొచ్చేసరికి బట్ట ముందు నేనుంటాను."

అన్న అరిచాడు. బతిమాలాడు. తల్లి పేరు చెప్పి, మళ్ళీ అరిచాడు. ఆవిడ లేవలేదు. ఆంబ్రోస్ చెల్లెలి చెయ్యి పట్టుకుని లాగేంత మోటు మనిషి కాదు, లేదా పెద్దమనిషి అవుదామనుకుంటున్నాడు గనక అలా లాగలేకపోయాడు. హెస్టర్ ఆ రాత్రి కుర్చీలోనే నిద్రపోయింది.

పొద్దున్నే టప్పెన్ గారు కర్ర పట్టుకుని వచ్చాడు. మెట్లన్నీ ఎక్కి, ఆయాసం తీర్చుకుని, గదిలోకి అడుగుపెట్టాడు. గది నిండా ఎండ. నేలంతా సున్నం. కిటికీ ముందు కుర్చీలో ఆడమనిషి.

"ఇది కిటికీ కాదన్నారు కదండీ పెల్లింగ్ గారూ," అన్నాడు.

"మొన్నటిదాకా కాదండీ. మా చెల్లెలు నిన్న పగలగొట్టింది."

టప్పెన్ గారి మొహం మారింది. ముందుగా చెప్పకుండా మూసిన కిటికీ తెరవడం నేరం. కాని తెరిచింది నిన్నయితే, అంతకు ముందు అది గోడ. గోడయితే ఆయన లెక్క తప్పు. ఆ మనిషి తన లెక్క తప్పని ఒప్పుకున్న రోజు ఆ ఊళ్ళో ఎవరూ ఎరగరు. హెస్టర్ వైపు తిరిగి, నిజం చెప్పమ్మా అన్నాడు.

హెస్టర్ లేచి నిలబడింది.

"మీరు కింద నిలబడి చూసి కిటికీ అన్నారు. ఈ ఊరు ఊరంతా దీన్ని కిటికీ అనే అంటుందండి. లండన్ నుంచి వచ్చేవాళ్ళూ అంతే. బయటున్న వాళ్ళందరికీ ఇది కిటికీ, లోపలున్న నాకొక్కదానికే గోడ. మీ మాట నేను నిజం చేశాను. తప్పంటారా, అయితే మీ లెక్క తప్పని ముందు మీరు రాసుకోండి. తరవాత నాకు జరిమానా వేద్దురుగాని."

టప్పెన్ గారు ఒక క్షణం ఆవిడని చూశాడు, ఒక క్షణం సముద్రాన్ని చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"నేను మొదట్నుంచీ కిటికీ అనే అంటున్నాను," అన్నాడు. "లోపల సున్నం పని ఏదో చేయించుకుంటున్నట్టున్నారు, దానితో నాకు సంబంధం లేదు. కిటికీ కిటికీయే."

కర్ర పట్టుకుని దిగి పోయాడు. ఆ తరవాత ఎవరెన్ని చెప్పినా ఆ మాట మార్చలేదు.

ఆంబ్రోస్ అంతటితో ఊరుకునే రకం కాదు. ఆ ఇళ్ళ స్థలం ఇంకా లార్కిన్ గారి చేతిలోనే ఉంది. వరస ముఖం చెడగొట్టకూడదన్న షరతుమీదే అందరికీ ఇళ్ళు ఇచ్చాడాయన. శిల్పి చేత గోడ కట్టమనిపిస్తే చెల్లెలు ఏం చేస్తుంది? కబురు పెట్టాడు. లార్కిన్ గారు వచ్చాడు. పొడుగాటి మనిషి, తెల్లటి గ్లౌజులు, ఇళ్ళని తప్ప మనుషుల్ని చూడని కళ్ళు. ముందు దారికి అవతల నిలబడి మొత్తం వరసని ఆ చివర నుంచి ఈ చివరకి తీరిగ్గా చూశాడు. లోపలికి వచ్చి, తన పటం హాలు బల్లమీద పరిచాడు. హెస్టర్‌ని ఎవరూ పిలవలేదు. ఆవిడే వచ్చి మెట్ల దగ్గర నిలబడింది.

ముఖం ఏమీ చెడలేదన్నాడు లార్కిన్ గారు. పటంలో అక్కడ కిటికీ ఉంది, ఇప్పుడూ ఉంది. పైగా ఆ పెయింటు తెర ఎండకి వెలిసి వెగటుగా తయారైందట, పోతే పోయిందట. ఆంబ్రోస్ గొంతు తగ్గించి, అక్కడ గోడ ఉండాలన్నది మీ నియమమే కదా అని గొణిగాడు. లార్కిన్ గారికి ఆ మాట అవమానంగా తోచింది.

"నా నియమమా? నేను గుడ్డి కిటికీ గియ్యలేదండీ పెల్లింగ్ గారూ. అవతలి చివర తెరిచే ఉంది, ఇక్కడా తెరిచే గీశాను. పన్ను మెట్టు దాటకుండా ఒకటి మూయించమని మీరే అడిగారు. ఏది మూయను అంటే, ఆ చిన్నది మూసెయ్యండి, అందులో పాత సామాను పడేస్తాం అన్నారు. గుర్తులేదూ?"

ఆ మాట అని, పటం చుట్టుకుని, టోపీ పెట్టుకుని పోయాడు. తను ఏం చేసి పోతున్నాడో ఆయనకి తెలియదు. గదిలో ఎవరుంటే ఆయనకెందుకు, ఆయన పని ఇంటి ముఖం వరకే.

హెస్టర్ మెట్లమీద నిలబడ్డది నిలబడ్డట్టే ఉంది. ఆంబ్రోస్ కళ్ళు దించుకున్నాడు. అప్పటికి నువ్వు వస్తావని ఎవరనుకున్నారు హెస్టర్ అన్నాడు. అది నిజమే. తల్లి పోతుందని, తను వస్తుందని అతను అనుకోలేదు. కాని వచ్చాక, ఇంట్లో ఇన్ని గదులుండగా పాత సామాను గదే ఎందుకిచ్చాడు? నాలుగేళ్ళు అబద్ధం ఎందుకు చెప్పాడు? ఆవిడ అడగలేదు. అడిగితే అతను ఏదో ఒకటి చెబుతాడు, అది వినే ఓపిక ఆవిడలో చచ్చిపోయింది. అన్నంటే ఇంతకాలం ఉన్న భయం కూడా దానితోబాటే పోయింది. పైకి పోయి, చట్రానికి కొట్టిన మేకులు పీకి, అద్దాల తలుపు పైకి లేపి, జారిపోకుండా కొయ్యముక్క ఊతం పెట్టింది. గాలి వచ్చి మంచంమీది దుప్పటి ఎగరేసింది.

ఇక్కడితో కథ అయిపోవాలి. కాలేదు. ఆ గది ఎవరికీ అక్కర్లేకపోయింది వెలుగు రానంతవరకే. వెలుగొచ్చాక ఆ గదిమీద ఇంట్లో అందరికీ ప్రేమ పుట్టుకొచ్చింది.

ముందు అగస్టా దుమ్ము పోయిందో లేదో చూడ్డానికి వచ్చింది. తరవాత గాలి పీల్చుకోడానికి వచ్చింది. తరవాత తన స్నేహితురాళ్ళని తీసుకొచ్చి, ఇక్కణ్ణుంచి పడవలు ఎంత బాగా కనిపిస్తాయో చూపించింది. ఇంట్లోకల్లా సముద్రం నిండుగా కనిపించేది ఆ చిన్న కిటికీలోంచేనట, పెద్ద కిటికీకి అవతలి ఇంటి వసారా అడ్డమట. వాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ హెస్టర్ మంచంమీద ఒక పక్కగా ఒదిగి కూర్చుని కుట్టుకునేది. నల్లదారం నల్లగా, నీలం దారం నీలంగా కనిపిస్తున్నాయి. ఆవిడకి అదే పదివేలు.

వేసవి మొదట్లో ఒకరోజు హెస్టర్ దారపు ఉండలు కొనుక్కుని బజారు నుంచి వచ్చేసరికి, కింద మెట్ల దగ్గర ఆవిడ మంచం నిలబెట్టి ఉంది. గదిలో అగస్టా రాతబల్ల, అగస్టా పట్టు కుర్చీ. కుర్చీలో అగస్టా. గుమ్మంలో ఆంబ్రోస్ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

పొద్దుటిపూట వదిన ఉత్తరాలు రాసుకోడానికి ఈ గది అనువుగా ఉంటుందన్నాడు. అడ్డగోలు పని చేసినా నిన్ను ఏమీ అనలేదు కదా అన్నాడు. ఏటేటా పైమెట్టు పన్ను కట్టేది తనేనని గుర్తు చేశాడు. కింద బొగ్గుల కొట్టు పక్కన గది ఊడ్పించాడట, పొయ్యి దగ్గర గనక వెచ్చగా ఉంటుందట. ఆ గదికి కిటికీ ఉందో లేదో చెప్పలేదు. చెప్పక్కర్లేదు, అందరికీ తెలుసు.

"లేదన్నయ్యా," అంది హెస్టర్.

"ఏం లేదు?"

"నేను పోను."

ఆంబ్రోస్ భార్య వైపు చూశాడు. అగస్టా కలం కింద పెట్టి, చిన్నపిల్లకి నచ్చచెబుతున్నట్టు చిరునవ్వు నవ్వింది.

"గది మాది కదమ్మా హెస్టర్."

"గది మీదే వదినా, కాదన్లేదు. ఉంచుకోండి." హెస్టర్ లోపలికి వచ్చి, మూలనున్న తన పాత ట్రంకుపెట్టె మూత ఎత్తింది. "నేను కొట్టిన రాళ్ళన్నీ ఇందులోనే ఉన్నాయి. ఒక్కటి పారెయ్యలేదు. ఎముక కూడా ఉంది. కావలసింది సున్నం, అది కెజియా తెప్పిస్తానంది. మీరు నన్ను కిందికి పంపండి. ఈ ఆదివారం మీరు చర్చికి పోతారుగా, వచ్చేసరికి గోడ లేచి ఉంటుంది. కొట్టడం వచ్చినదానికి కట్టడం రాదా. నల్లరంగు కూడా నేనే వేస్తాను. తెర, కుచ్చు వేస్తాను. టప్పెన్ గారు మాత్రం కిటికీ అనే రాసుకుని పోతారు. ఆయన మాట మార్చడు, అది మీకూ తెలుసు. గోడకి పన్ను కట్టుకుంటూ, మీరిద్దరూ బతికున్నంతకాలం ఈ చీకట్లో ఉత్తరాలు రాసుకోండి."

ఆంబ్రోస్ చెల్లెలి మొహం చూశాడు. ఉత్తమాట కాదని అతనికి అర్థమైంది. ఈ మనిషి చేస్తుంది. ఒకసారి చేసింది.

"ఇంత విషం ఎక్కడ దాచుకున్నావు హెస్టర్?" అన్నాడు చివరికి.

"నువ్విచ్చిన పాత సామాను గదిలోనే," అంది హెస్టర్.

అతను కిందికి దిగిపోయాడు. కాసేపటికి మెట్ల దగ్గరున్న మంచాన్ని పైకి పట్టుకురమ్మని కెజియాతో చెప్పడం వినిపించింది. అగస్టా ఇంకొంచెంసేపు కూర్చుంది. కాగితాలు సర్దుకుంది, కలం తుడుచుకుంది, కావాలనే ఆలస్యం చేసింది. హెస్టర్ ఆవిడ పక్కనే నిలబడి, ఆ కుర్చీ ఖాళీ అయ్యేదాకా చూసింది. అయ్యాక దాన్ని కిటికీ దగ్గరకి లాక్కుని కూర్చుంది. పట్టు కుర్చీ బాగానే ఉంది. ఒళ్ళోకి అన్నగారి చొక్కా తీసుకుని, సూదిలో దారం ఒక్కసారికే ఎక్కించింది.

"తలుపేసి వెళ్ళు వదినా," అంది తల ఎత్తకుండానే. "కిటికీ తెరిచుంది కదా, గాలికి కొట్టుకుంటుంది."